పెరటిలోని డేగ – భక్తుని దయ



లింగపూజకు కావలసిన పత్రపుష్పములను ఇంటి పెరటిలోనే పెంచుకొనుట మన కుటుంబములలో తరతరములుగా వచ్చుచున్న మంచి అలవాటు. మారేడు, గన్నేరు, నందివర్ధనము, మందారము, తుమ్మి - వీనిలో ఒకటైన లేని శివభక్తుని పెరడు అరుదు. తెల్లవారుజామున స్నానము చేసి, విభూతి ధరించి, పూలసజ్జ చేతబట్టి వెళ్ళినవారికి మొదట కనుపించునవి పూవులు, మొదట వినిపించునవి పక్షుల కూతలు. చెట్టున్నచోట పురుగుండును. పురుగున్నచోట పిట్ట యుండును. పిట్ట యున్నచోటికి డేగయు వచ్చును. కావున పూజకై పెంచిన తోటలోనే, పూజకు ముందుగానే, ఒక ప్రాణి వేరొక ప్రాణిని చంపుట కంటబడును. అట్టి దృశ్యమును చూచి వచ్చి ఇష్టలింగమునెదుట కూర్చున్న భక్తుని మనస్సు కలత చెందుట సహజము. ఆ కలతను గూర్చియే నేడు కొంత విచారింతము.

చిత్తూరు సీమలోని పాకాల చుట్టుపట్ల కొండలు, చెరువులు, మామిడితోటలు మెండు. పేరుగాంచిన దామలచెరువు మామిడి అంగడి ఈ ప్రాంతముననే కలదు. ఇట్టిచోట పెరడున్న ప్రతి ఇంటికి పక్షులు చుట్టములే. ఆ ఊరిలో ఒక భక్తుల ఇంట పూజానంతరము నలుగురు కూడి శివానుభవము ముచ్చటించుకొనుచుండగా, ఆ ఇంటి పెద్ద ఇల్లాలు ఇట్లడిగినది:

“అయ్యవారూ, పొద్దున్నే పూలకు పోయినప్పుడు పెరట్లో నాలుగు గింజలు చల్లుతాను, మూకుట్లో నీళ్ళు పోస్తాను. పిచ్చుకలు, గువ్వలు, గోరువంకలు వస్తాయి. ఈ మధ్య ఒక డేగ దీన్ని కనిపెట్టుకునింది. వారానికొక పిట్టనైనా ఎత్తుకుపోతా ఉంది. నేను గింజలు చల్లకుంటే అవి అట్ల ఒకచోట చేరవు కదా! పిలిచి పెట్టి చంపించినట్లు కాదా ఇది? ఆ పాపం నాది కాదా?”

ఆమె మాట ముగియకమునుపే ఇంటి యజమాని, “దానికింత ఆలోచన దేనికి? ఉండేలుతో ఆ డేగను కొట్టేస్తే సరిపోతుంది” అనెను. పట్టణమున చదువుచున్న మనుమడు, “అవ్వా, అది ప్రకృతి ధర్మం. పెద్దది చిన్నదాన్ని తింటుంది. లోకమంతా అంతే. బాధపడి ఏం లాభం?” అనెను.

ఒకే పెరడు, ఒకే డేగ. మాటలు మాత్రము మూడు. ఒకదానిలో కోపము, ఒకదానిలో ఉపేక్ష, ఒకదానిలో భయము కలవు. లోకమున ఎక్కడ హింసను చూచినను మనలో తలయెత్తునవి తరచుగా ఈ మూడు భావములే. కావున వీనిని ఒక్కొక్కటిగా బసవేశ్వరుని బోధ వెలుగున పరిశీలింతము.

మొదటిది కోపము. ధర్మమునకు దయయే మూలమని 12వ శతాబ్దమున బసవేశ్వరుడు ప్రకటించెను. ఆ దయ సకల ప్రాణులయెడ నుండవలెనని ఆయన ఆదేశము. సకల ప్రాణులన్నప్పుడు ఆ లెక్కలో డేగ చేరదా? పిచ్చుకపై జాలితో డేగపై రాయి విసరువాడు దయ చూపుట లేదు; ఒక పక్షము వహించుచున్నాడు. వాని చేతిలోని రాయికిని డేగ గోరునకును గల భేదమొక్కటే: డేగ ఆకలిగొని చంపును, మనుష్యుడు కడుపు నిండియుండి చంపును.

మన పెరళ్ళకు తరచుగా వచ్చు డేగ పావురమంత పక్షి. వీపు బూడిదరంగు, రొమ్ముపై సన్నని అడ్డచారలు, కన్ను ఎఱ్ఱన. ఆడపక్షి మగదానికంటె పెద్దది. తొండలు, బల్లులు, మిడుతలు, ఎలుకలు, ఉడుతలు, చిన్నపిట్టలు దీని ఆహారము. గింజలు అరిగించుకొను కడుపును శివుడు దీనికీయలేదు. దూకిన ప్రతిసారియు దీనికి తిండి దొరకదు. పలుమారులు గురి తప్పి వట్టికాళ్ళతో మరలిపోవును. ఎత్తైన చెట్టు కొమ్మల నడుమ పుల్లల గూటిలో దీని పిల్లలును నోళ్ళు తెరచుకొని తల్లికై ఎదురుచూచుచుండును. తినుటకు చంపును గాని, పగబట్టి చంపదు. పదితరములకు చాలునంత కూడబెట్టుటకు చంపదు.

ఇక పెరటిలో నిరపరాధి యెవరో చూతము. పిచ్చుక గింజలు తిను సాధువని యనుకొందుము. తన పిల్లలకు మాత్రము మెత్తని పురుగులను ఏరితెచ్చి పెట్టును. తేనెపిట్ట మందారములోని తేనె త్రాగును. సాలీడులనుగూడ పట్టి తినును. విజయదశమినాడు పాలపిట్టను చూచుట శుభమని పొలిమేర దాటి వెళ్ళి వెదకుదుము. అది తీగపై కూర్చుండి మిడుతను చూచి క్రిందికి దూకునప్పుడు దానిలో డేగయే కలదు. జెముడుకాకి పొదలలో దూరి ఇతర పక్షుల గ్రుడ్లను, పిల్లలను తినును. అదే పొదలలోని నత్తలను, ఎలుకలను కూడ తినును. వసంతమున మనలను మురిపించు కోయిల తన గ్రుడ్డును కాకిగూటిలో పెట్టి, పెంపకపు బరువును కాకిపై మోపును. అందమైన రంగు, ఇంపైన గొంతు కలదానిని సాధువనియు, వంకరముక్కు కలదానిని దుష్టమనియు తీర్పు చెప్పుట మన కన్నుల పక్షపాతము. గొంగళిపురుగునకు పిచ్చుకయే డేగ.

మరియొక లెక్క గమనింపుడు. ఒక పిచ్చుకల జంట ఏటికి ఎనిమిది పిల్లలను పెంచినదనుకొందము. తల్లిదండ్రులు, పిల్లలు ఒక్కటియు చావక, పిల్లలన్నియు మరునాటి ఏడు జంటకట్టి అట్లే పిల్లలను పెంచినచో, ఆ రెండు పిచ్చుకలు ఒక ఏటికి పది, రెండేండ్లకు ఏబది, ఐదేండ్లకు 6,250 అగును. అప్పుడు ఆ ఊరి చేలలో గింజ మిగులదు. పిచ్చుకలకే తిండి చాలక ఆకలితో రాలిపోవును. డేగయు, జెముడుకాకియు, పామును, ఎండయు, వానయు కలిసి ఆ లెక్కను ఒక హద్దులో నుంచుచున్నవి. దీనిని తెలిసికొన్నవాడు డేగను దొంగయని పిలువడు.

ఐనను ఈ లెక్క తల్లిపిట్టకు సమాధానము కాదు. గూటిచుట్టు తిరుగుచు అరచు పిట్టకు “సృష్టి సమతూకము” అని చెప్పి ప్రయోజనము లేదు. అట్లు చెప్పి మనస్సును రాయి చేసికొనుట జ్ఞానమనిపించుకొనదు. లెక్క మన కోపమును చల్లార్చుటకే గాని, మన కన్నీటిని ఆర్పుటకు కాదు. భక్తుడు డేగను ద్వేషింపరాదు. పిట్టకై దుఃఖించుటయు మానరాదు. ఈ రెంటిని ఒకే హృదయమున నిలుపుకొనుట కష్టము. కష్టము గనుకనే అది సాధన.

శిబి చక్రవర్తి కథ మన ఇండ్లలో పిల్లలకుగూడ తెలిసినదే. పావురము వచ్చి శరణు కోరినది. డేగ వెన్నంటి వచ్చి, “ఇది నా ఆహారము, దీనిని దాచినచో నేనును నావారును ఆకలితో చత్తుము” అని వాదించినది. ఆ వాదము న్యాయమైనదే. శిబి డేగను తరిమికొట్టలేదు, పావురమును విడిచిపెట్టలేదు. తన తొడమాంసమును కోసి తక్కెడలో వేసెను. మనలో పలువురు ఈ కథనుండి త్యాగమను ఒక్క మాటను మాత్రము గ్రహింతురు. దీనిలో దయకు సంబంధించిన నియమమొకటి కలదు. దయయొక్క ఖర్చును దయ చూపువాడే భరింపవలెను. డేగ కడుపు మాడ్చి పావురమును కాచుట సులభము. ఆ పుణ్యమునకు వెల డేగ చెల్లించినట్లగును. తన సొమ్ము తాకకుండ పరుల సొమ్ముతో చేసిన దానము దానమగునా?

పాకాల ప్రాంతపు కొండలలో పుట్టిన స్వర్ణముఖి ఈశాన్యముగా ప్రవహించి శ్రీకాళహస్తి క్షేత్రమును చేరుచున్నది. ఆ నీటి వెంటనే మన ఆలోచనయు అక్కడికి సాగనిండు. ఆ క్షేత్రము పేరులోనే మూడు ప్రాణులు కలవు: శ్రీ యనగా సాలీడు, కాళము పాము, హస్తి ఏనుగు. పాము మణులతో శివుని పూజించెను. ఏనుగు వచ్చి ఆ మణులను తొలగించి, తొండముతో నీరు తెచ్చి అభిషేకించి, పత్రి యుంచెను. తన పూజను చెరచినదెవరని పాము పగబట్టి ఏనుగు తొండమున దూరెను. బాధకు తాళలేక ఏనుగు తలను మోదుకొనెను. రెండును మరణించెను. శివుడు వానిలో ఒకదానిని దోషియని త్రోసిపుచ్చలేదు. రెంటికిని ముక్తి నొసంగెను. అదే క్షేత్రమున వేటయే వృత్తిగా గల కన్నప్ప, తనకు తెలిసిన ఆహారమును తన స్వామికి పెట్టెను. ఆ భక్తుని కథను పాల్కురికి సోమనాథుడు తెలుగు బసవపురాణమున ఆదరముతో చేర్చెను. వేటాడు పుట్టుక శివుని చేరుటకు అడ్డము కాదని మన పెద్దలు ఆనాడే గుర్తించిరి. అట్టి సంప్రదాయమున పుట్టిన మనము పెరటి డేగను శివద్రోహిగా చూడ తగునా?

రెండవది ఉపేక్ష. “పెద్దది చిన్నదానిని తినును, లోకమంతయు ఇంతే” యను మాట పైకి శాస్త్రము వలె వినిపించును. చెరువులో పెద్దచేప చిన్నచేపను మ్రింగుటను చూచి పూర్వులు దీనికి మాత్స్యన్యాయమని పేరుపెట్టిరి. ఐతే ఆ మాటను వారు రాజు లేని రాజ్యముయొక్క దుస్థితిని చెప్పుటకు వాడిరి గాని, మనుష్యులు అనుసరింపవలసిన మార్గముగా చెప్పలేదు. చేపకును డేగకును వేరు దారి లేదు. మనుష్యునకు కలదు. అతడు గింజ తిని బ్రతుకగలడు, ఆగగలడు, పంచుకొనగలడు, శివుని తలచి చేయి వెనుకకు తీసికొనగలడు. ఈ శక్తిని పొందియు డేగను సాక్షిగా పిలుచువాడు డేగకంటె తక్కువవాడగుచున్నాడు.

కల్యాణమున శరణులు ఎదిరించినది ఈ మాత్స్యన్యాయమునే. పుట్టుకచేత పెద్ద, పుట్టుకచేత చిన్న యను భేదము ఆనాడు సృష్టిధర్మముగా చలామణి యగుచుండెను. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున మంత్రియై యుండియు, ఆ భేదమును అంగీకరింపలేదు. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునికిని, బ్రాహ్మణ వంశమున పుట్టి శరణుడైన మధువరసుని కుమార్తెకును వివాహము జరిగినప్పుడు, రాజు ఆ ఇరువురు తండ్రులకును ఘోరమైన మరణదండన విధించెను. శరణులు చెల్లాచెదరైరి. ఆనాడు కల్యాణ వీథులలో “లోకమంతే, పెద్దది చిన్నదానిని మ్రింగును” అని చేతులు ముడుచుకొన్నవారును ఉండియుందురు. వారి మాట మనకు మిగులలేదు. మిగిలినది హరళయ్య పేరు, మధువరసుని పేరు.

కావున పెరటిలోని హింసను చూచి “ఇంతే” యని పలుకునప్పుడు మన నాలుక ఏ దారికి అలవాటు పడుచున్నదో చూచుకొనవలెను. పిట్టను చూచి “ఇంతే” యన్నవాడు మామిడికోతకు వచ్చిన కూలివానికి కూలి తగ్గించునప్పుడును “ఇంతే” యనును. అప్పు తీర్చలేని రైతు ఇంటిముందు నిలిచి వడ్డీకి వడ్డీ కట్టునప్పుడును “ఇంతే” యనును. పుట్టినిల్లు విడిచి వచ్చిన కోడలు కట్నము మాట విని మూలన కూర్చుండి కుమిలిపోవునప్పుడును “ఇంతే” యనును. మనము శాకాహారులమని గర్వించుట కలదు. మాంసము ముట్టకుండుట మంచి నియమమే. కాని పళ్ళెములో మాంసము లేనంతమాత్రమున చేతిలో గోళ్ళు లేవని అర్థము కాదు. డేగ వారమునకొక పిట్టను తినును. లోభి తెలియకుండగనే ఒక కుటుంబమును ఏండ్ల తరబడి తినును. కాయకముచేత ఆర్జించి, దాసోహముచేత పంచుకొని, మిగిలినదానిని ప్రసాదముగా స్వీకరింపుమని బసవేశ్వరుడు చెప్పుటలో గల మర్మమిదియే. ప్రసాదముగా తినువాడు ఇతరుని ఆహారముగా చూడలేడు.

మూడవది ఆ తల్లియొక్క భయము. మూడింటిలో గౌరవింపదగినదియు ఇదియే. ఏలయన, కోపము డేగను చూచినది, ఉపేక్ష లోకమును చూచినది, ఆమె భయము మాత్రము తన చేతిని చూచికొన్నది. ఆమెకు చెప్పవలసిన సమాధానమిది: అమ్మా, గింజలు చల్లునప్పుడు నీ తలంపున చంపుట లేదు. కావున ఆ చావు నీ పాపము కాదు. కాని విషయము తెలిసిన తరువాత గింజలు ఎట్లు, ఎక్కడ చల్లవలెనో ఆలోచించుట నీ ధర్మము. తెలియక చేసినదానికి దోషము లేదు. తెలిసియు మార్చుకొననిచో దోషము కలదు. దయకు జ్ఞానము కన్నువంటిది. కన్నులేని దయ మేలుచేయబోయి కీడు చేయును.

దీనికి మన దేశముననే గొప్ప ఉదాహరణ కలదు. రాబందు చంపని పక్షి. చచ్చిన పశువుల కళేబరములను తిని ఊరిని శుభ్రపరచునది. 1990 దశకమున మన దేశమున రాబందులు వేగముగా అంతరింపజొచ్చినవి. తెల్లవీపు రాబందులు నూటికి తొంబదితొమ్మిదికి పైగా నశించినవి. కారణమేమో మొదట ఎవరికిని తెలియలేదు. 2004లో పరిశోధకులు దానిని కనుగొనిరి. పశువుల నొప్పి తగ్గుటకై ఇచ్చు డైక్లోఫెనాక్ అను మందు వాని కళేబరములలో మిగిలి, తిన్న రాబందుల మూత్రపిండములను చెడగొట్టుచుండెను. పశువులకు ఆ మందు వాడుటను 2006లో మన ప్రభుత్వము నిషేధించెను. ఆవు నొప్పిని చూడలేక మందు వేయించిన రైతు మనస్సులో దయయే యుండెను. ఐనను వేలయేండ్లుగా ఏ డేగయు చేయజాలని నాశనమును ఆ మందు పదిపదునైదేండ్లలో చేసినది. మంచి తలంపు చాలునని యనుకొనువారికి ఇది హెచ్చరిక.

ఇక పెరటిలో చేయదగిన పనులు చెప్పెదను. ఇవి చిన్న పనులే. ఐనను దాసోహము చిన్న పనులతోనే నడచును.

గింజలను ప్రతిదినము ఒకే చోట, ఒకే వేళకు, పెద్దమొత్తముగా చల్లకుడు. కొంచెము కొంచెముగా, రెండు మూడు తావులలో చల్లుడు. ఆ తావు బయలుగా నుండక, పిట్ట ఒక్క గంతున దూరుటకు వీలుగా దట్టమైన పొద చెంత నుండవలెను. మారేడుచెట్టు ముండ్లు ఆకులు కోయునప్పుడు మన చేతికి గ్రుచ్చుకొనును. అందుచేత క్రింది కొమ్మలను నరికివేయువారు కలరు. అట్లు చేయకుడు. డేగ రెక్కలు జొరబడలేని ఆ ముండ్ల నడుమనే పిచ్చుక ప్రాణము దక్కించుకొనును. శివునికి దళమునిచ్చు చెట్టే పిట్టకు కోటయగుచున్నది. డేగ మరీ అలవాటుపడినచో పదునైదు దినములు గింజలు చల్లుట ఆపుడు. పిట్టలు చెదరి తిరుగును. డేగయు వేరొకచోటికి పోవును. తరువాత మరల మొదలిడుడు. ఇది దాసోహమును మానుట కాదు, సవరించుట. నీళ్ళమూకుడును మాత్రము ఎండకాలమున ఎన్నడును ఎండనీయకుడు. దినదినము కడిగి నింపుడు. ఆ నీటిని డేగయు త్రాగును. త్రాగనిండు.

గూటినుండి జారిపడిన పిల్ల కనుపించినచో, మనుష్యుడు తాకిన పిల్లను తల్లి ముట్టదని వదలివేయుదురు. అది అపోహ. మెల్లగా తీసి గూటిలో పెట్టినచో తల్లి సాధారణముగా స్వీకరించును. మనము పాలుపోసి పెంచు పిల్లి విషయము వేరు. డేగ శివుని పోషణలోనిది. పిల్లి మన పోషణలోనిది. కడుపు నిండిన పిల్లియు పిట్టను పట్టును. కావున అది చేయు హింసకు మనము బాధ్యులము. పక్షులు గింజలు తిను ఉదయవేళ దానిని ఇంటిలో నుంచుడు. రామచిలుకను పంజరమున పెట్టి మాటలు నేర్పుట ముద్దుగా తోచును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము, మన ధర్మము ప్రకారము బంధనము. తోటలకు మందు కొట్టునప్పుడు అవసరమునకు మించి కొట్టకుడు. మందుతిన్న పురుగును తల్లిపిట్ట తన పిల్ల నోట పెట్టును. ఆ చావునకు డేగ కారణము కాదు. ఆ చావు మన కంటబడదు గాన మనకు కలతయు లేదు. కంటబడని హింసకు కలత చెందుటయే నిజమైన దయ.

పక్షులనుండి మనము నేర్వదగిన గుణమొకటి కలదు. డేగ నీడ కనుపించగానే మొదట చూచినది, అది ఉడుతయైనను పిగిలిపిట్టయైనను, గట్టిగా అరచును. అరచుటచేత తన జాడ శత్రువునకు తెలియును. ఐనను అరచును. ఆ కేక విని ఇతర జాతుల పిట్టలుగూడ తప్పించుకొనును. చీలిన తోకగల నల్లని ఏట్రింత తనకంటె ఎంతో పెద్దవైన కాకులను, గద్దలను వెంబడించి తన గూటి పొలిమేరనుండి తరుమును. దాని గూడున్న చెట్టుపైననే గువ్వలవంటి సాధుపక్షులు గూళ్ళు కట్టుకొనుట కద్దు. పంచాచారములలో గణాచారమని మనము చెప్పుకొనుదానికి ఇది చక్కని సాదృశ్యము. బలహీనుని కేక తన కేకగా భావించుట, ఒకనికి ఆపద వచ్చినప్పుడు పదిమంది గొంతు కలుపుట గణాచారము. ఏట్రింత గద్దను చంపుటకు పోదు, కాచుటకు పోవును. తరిమి మరలివచ్చి తన కొమ్మపై కూర్చుండును. కాచుటకును పగతీర్చుకొనుటకును గల హద్దు దానికి తెలియును.

రాయలసీమలోనే లేపాక్షికి సమీపమున, చిలమత్తూరు మండలమున వీరాపురమను పల్లె కలదు. ఏటేటా పెద్ద కొంగలు వచ్చి ఆ పల్లెలోని చింతచెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. ఆ పల్లెవారు వానిని తమ ఊరి శుభముగా భావించి కాచుచున్నారు. ఆ కొంగలు చేపలను తినునవే. చేపలకు అవి డేగలే. ఆ సంగతి ఎరిగియే వారు వానికి చోటిచ్చిరి. చెట్టు క్రింద నడచునప్పుడు రెట్టలు పడును, చేపల కంపు వచ్చును. ఆ అసౌకర్యమును వారు భరించుచున్నారు. దయ ఖర్చును దయ చూపువాడే భరించుట యనగా ఇదియే.

తుదకు పూజ విషయము. పెరటిలో ఆ దృశ్యమును చూచి కలతతో లింగమునెదుట కూర్చున్నవారు ఆ కలతను బలవంతముగా అణచుకొనకుడు. దానినిగూడ లింగమునకు సమర్పింపుడు. అరచేతిలోని లింగముపై దృష్టి నిలుపుట మనకు నేర్పబడిన సాధన. ఆ దృష్టి పూజగదిలో ముగిసినచో అది కంటికి అలవాటు మాత్రమే. పెరటిలోనికి వచ్చి పిట్టలోని ప్రాణమును, డేగలోని ప్రాణమును, మందు కొట్టిన కొమ్మపై పురుగులోని ప్రాణమును ఒకే ప్రాణలింగముగా చూచినప్పుడు అది పూజ. మన దేహమునుగూడ తుదకు భూమిలోనే సమాధి చేయుదురు. జీవితమంతయు భూమినుండి తిన్న ఈ దేహము ఒకనాడు భూమికే ఆహారమగును. తినువారము, తినబడువారమను రెండు వరుసలలో మనకు చోటు కలదు. ఇది తెలిసినవానికి అహంకారము నిలువదు. భృత్యాచారము తానే అలవడును.

కావున భక్తులారా! డేగను శిక్షించు అధికారము మనకు లేదు. డేగను ఆదర్శముగా గైకొను అనుమతియు మనకు లేదు. చేతిలోని గింజను, నీటిని, మాటను, కూలిని, తక్కెడను శుద్ధముగా నుంచుకొను బాధ్యత మాత్రము కలదు. ఉండేలు పట్టిన చేయి దానిని దించుగాక. “ఇంతే” యన్న నాలుక ఒక బలహీనుని పక్షమున పలుకుగాక. భయపడిన తల్లి రేపటి ఉదయము మారేడుచెట్టు నీడన, ముండ్లకొమ్మల చెంత, పిడికెడు గింజలు నిర్భయముగా చల్లుగాక.

శరణు శరణార్థులు.